డూప్లెక్సుగారి యింటిపేరు

గడచిన యర్ధసంవత్సర పరీక్షలో చరిత్ర కాగితములు దిద్దుచుండగా, తొమ్మిదవ తరగతి బాలుడొకడు పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నరు పేరును "డ్యుప్లెక్సు" అని వ్రాసియుండుట మా కంటబడెను. పాఠ్యపుస్తకమున "డూప్లే" యని యున్నందున, మేము దాని క్రింద నెఱ్ఱగీటు గీచి యర మార్కు తగ్గించితిమి. కాగితములు తిరిగి యిచ్చిన దినమున నా బాలుడు మా బల్లకడకు వచ్చి, "అయ్యగారూ, మాది యానాము. మా పెదనాన్నగారు పారిసు నగరమున నున్నారు. వారింటికి పోవు దారిలో నీ పేరుగల రైలుస్టేషనొకటి గలదట. బండిలో దానిని డ్యుప్లెక్స్ అనియే పిలుతురని వారు ఫోనులో చెప్పినారు" అని వినయముగా మనవి చేసెను.

అంతలో వెనుక బల్లనుండి యొకడు, "అది పేరా, అయ్యగారూ, లేక క్రింద రెండు గదులు మీద రెండు గదులు గల డూప్లెక్సు ఇల్లా?" అనెను. తరగతి యంతయు నవ్వెను. యానాము బాలుడు తల వంచుకొని పోయి తన చోట కూర్చుండెను. ఆ నవ్వును వెంటనే యాపకపోవుట మాదే తప్పు. "విచారించి చెప్పెదము" అని మాత్ర మంటిమి. అట్లు విచారింపగా తేలిన సంగతు లొక తరగతికి చెప్పి ముగించుటకంటె నెక్కువగా నున్నందున, ఈ సంచికలో వ్రాయుచున్నాము.

మొదట నుచ్చారణము. ఫ్రెంచిభాషలో పదముల చివరనుండు హల్లులు పెక్కు వ్రాతయందే గాని నోట నుండవు. మనము పారిసు అను పట్టణమును వారు "పారీ" యందురు. మన పాఠ్యపుస్తకములు వ్రాసినవా రీ సూత్రమునే పట్టుకొని తుది యక్షరమును విడిచి "డూప్లే" యనిరి. సూత్రము మంచిదే, కాని ఊళ్లపేర్లును ఇంటిపేర్లును సూత్రములకు లొంగునవి కావు. ఫ్రాన్సు దక్షిణభాగమున "ఫ్వా" యను నొక యూరును, "ఎక్స్" అను నొక పట్టణమును గలవు. రెండింటి వ్రాతయందును చివర నొకే యక్షరము. మొదటిదానియందది మూగది, రెండవదానియందు పూర్తిగా పలుకును. మన గవర్నరుగారి పేరు రెండవ తెగలోనిది. మొదటి యచ్చు మాత్రము తెలుగున లేదు. నాలుకను "ఈ" యనుటకు సిద్ధపఱచి, పెదవులను "ఊ" యనుటకు వలె గుండ్రముగా చుట్టి పలికినచో నది వచ్చును. ఫ్రెంచివారి దకారము దంత్యము గనుక "ద్యుప్లెక్స్" అని వ్రాసిన నింకను దగ్గఱగా నుండును గాని, ఇంగ్లీషువారి మూలమున మనకు డకార మలవాటైనందున దానినే యుంచి, ఇకమీద "డూప్లెక్సు" అని వ్రాసెదము. బాలుడు వ్రాసినది సరియైనది. ఆ యర మార్కును తిరిగి యిచ్చి పట్టీలో దిద్దితిమి.

ఇక నర్థము. ఈ పేరు రెండు తునకలు కలిసినది. మొదటిదగు "డ్యు" అనునది మన "యొక్క", "నుండి" వంటి విభక్తి. రెండవది "ప్లెక్స్"; ఇది పాత ఫ్రెంచిమాట. అల్లుట యను నర్థముగల "ప్లెక్తెరె" యను లాటిను ధాతువునుండి వచ్చినది. ఉత్తర ఫ్రాన్సున నీ మాటయే "ప్లెసీ" యని రూపుమారెను. మధ్యయుగములలో దీని కల్లిన కంచె యని యర్థము. పిదప నా కంచె చుట్టిన స్థలమునకును, ఆ స్థలములోని యింటికిని, తుదకు కోటకును నదియే పేరయ్యెను.

ఆ కంచె కట్టు విధము తెలిసినగాని పేరులోని సొగసు తెలియదు. మన పల్లెలలో దడి యనగా తాటాకులతోనో వెదురు బద్దలతోనో కట్టుదుము. లేదా తుమ్మకంప నఱికి తెచ్చి చుట్టుదుము. ఎట్లు కట్టినను అది యెండినదే; రెండు వానలు కురిసిన నివురుపట్టి కూలును, మరల కట్టవలె. ఫ్రాన్సులోను ఇంగ్లండులోను పాతకాలపు రైతులు కంచెను బ్రదికియున్న చెట్లతోనే కట్టిరి. పొలముగట్టున ముండ్లమొక్కలను వరుసగా నాటి యెదుగనిచ్చి, చలికాలమున నాకు రాలిన పిమ్మట, ఒక్కొక్క కాండమును మొదట దాదాపు తెగువఱకు గండి కొట్టుదురు. పూర్తిగా తెగనీయరు, ఒకప్రక్క బెరడును కొంత కొయ్యయు మిగులవలెను. పిదప దానిని మెల్లగా ప్రక్కకు వంచి, నిలువున పాతిన గుంజలనడుమ ముందొకటి వెనుకొకటిగా అల్లుదురు. మిగిలిన బెరడుగుండ రస మెక్కుచునే యుండును. వసంతము రాగానే వంచిన కాండములనుండియు నఱికిన మొదళ్లనుండియు చిగుళ్లు నిలువున లేచి యల్లికను గట్టిపఱచును. పశువు దూరలేదు, ఏటికేడు బలియునేగాని చివుకదు. ఈ పనికి ఇంగ్లీషున నున్న "ప్లీచ్" అను మాటయు పాత ఫ్రెంచినుండి వెళ్లిన యీ మాటకు తోబుట్టువే.

కావున డూప్లెక్సనగా "దడిలోపలివాడు", "కంచెయింటివాడు" అని తాత్పర్యము. ఢిల్లీ పాదుషా నవాబు బిరుదము పొందినదని చెప్పుకొన్న గవర్నరు, నవాబులను దించి నవాబుల నెక్కించిన మనుష్యుడు, పేరునుబట్టి చూచిన నొక పల్లెటూరి కంచెప్రక్క రైతు సంతతివాడు. మన సామెత యొకటి యిచట జ్ఞప్తికి రాక మానదు. సరకుల వ్యాపారము కాచుటకు కంపెనీవారు పంపిన యధికారి రాజ్యములను గడింప దొడగినప్పుడు కంచె చేను మేసినట్లే యయ్యెను. 1753లో నిజాము సలాబత్ జంగు శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరము అను నాలుగు సర్కారులను ఫ్రెంచివారికిచ్చినప్పుడు, మన తాతల చేలును ఆ మేతలో చేరినవి.

వెనుక బల్లవాని వేళాకోళమునకును సమాధానము చెప్పవలసియున్నది. రెండంతస్తుల యింటికి మన పట్టణములలో వాడు "డూప్లెక్సు" అను మాట లాటినునందలి "రెండు మడతలుగలది" యను పదము. దానియందలి తొలి భాగమునకు రెండు అని యర్థము. గవర్నరుగారి పేరులోని తొలిభాగము ఉత్త విభక్తి. కనుక రెండును వేఱు. అయినను భాషాశాస్త్రజ్ఞులు ఆ లాటిను పదములోని "మడత"యు ఈ పేరులోని "అల్లిక"యు అతిప్రాచీనమగు నొకే ధాతువునుండి పుట్టినవందురు. కనుక వాని పరిహాసము పూర్తిగా తప్పని చెప్పుటకు వీలులేదు; సగము తప్పు. వానికిని అర మార్కు కావలెనేమో!

ఫ్రెంచివారి యింటిపేరులు మన యింటిపేరులవలె ముందుండవు, చివర నుండును. పుట్టుక మాత్రము చాలవఱకు మనదానివంటిదే. వేయేండ్ల క్రిందట వారికి జ్ఞానస్నానమునాడు పెట్టిన పేరొక్కటియే యుండెడిది. పదునొకండవ శతాబ్ది మొదలు జనము పెరిగి, ఒక్కొక్క యూరిలో పదిమంది జానులు నిరువదిమంది పియర్లు నుండుటచే, గుర్తునకై రెండవ పేరు తగిలించిరి. కొందఱికి తండ్రిపేరే యింటిపేరయ్యెను. నేడు ఫ్రాన్సున నన్నిటికంటె నెక్కువగా వినబడు "మార్తెన్" అట్టిదే. అది తూరు పట్టణపు బిషప్పు సెయింటు మార్టిను పేరు. కొందఱికి వృత్తి పేరయ్యెను. "లెఫెవ్ర్" అనగా కమ్మరి. కొందఱికి రూపము, "ప్టీ" యనగా పొట్టివాడు, "రూ" యనగా ఎఱ్ఱజుట్టువాడు. మిగిలినవారికి నివాసస్థలము, "డ్యుబ్వా" అడవి కడవాడు, "డ్యుపోన్" వంతెన కడవాడు. మన కందుకూరివారును గురజాడవారును ఊరిపేరును మోయుచున్నట్లే, డూప్లెక్సువారు కంచెను మోయుచున్నారు.

వృత్తిపేరనగా నొక ముచ్చట. బొబ్బిలికథవలన మన పల్లెలలో సహితము పేరు తెలిసిన బుస్సీదొర వంశనామము నిజమునకు బుస్సీ కాదు, "పాతిస్యే". అనగా తీపిరొట్టెలును పిండివంటలును చేయువాడు. బుస్సీ యనునది భూమినిబట్టి తగిలించుకొన్న పేరు. 1757లో బొబ్బిలికోట ముందు ఫిరంగులు నిలిపినవాడు పేరునుబట్టి మిఠాయిదుకాణమువాడని తెలిసినచో, బుఱ్ఱకథ చెప్పువారేమందురో! ఆయన పిదప వచ్చిన లాలీ పేరు అసలు ఫ్రెంచిదే కాదు. ఆయన తండ్రి ఐర్లండునుండి వచ్చినవాడు.

మొదట నీ రెండవ పేర్లు గాలిలో నుండెడివి. తండ్రి పేరు కుమారునకు రాకపోవచ్చును, వ్రాత నేడొకటి రేపొకటి. 1539లో ఫ్రాన్సు రాజగు మొదటి ఫ్రాన్సిసు, జ్ఞానస్నానములను దేవాలయ పుస్తకములలో వ్రాసియుంచవలసినదని శాసించెను. పుస్తకమున కెక్కిన పేరు నిలుచుట కారంభించెను. 1794లో విప్లవ ప్రభుత్వము, జనన పత్రములో నున్న పేరు తప్ప మఱియొకటి యెవ్వరును ధరింపరాదని చట్టము చేసెను. ఆనాటి గుమాస్తా కలమునుండి జాఱిన యక్షరమే యిప్పటికిని పెక్కు కుటుంబములకు ఇంటిపేరు.

ఇక నీ పేరు వ్యాప్తియెంతయని యడిగినచో, రెండు వేఱ్వేఱు జవాబులు చెప్పవలసియున్నది. ఉత్తరపు రూపమైన "ప్లెసీ" దేశమంతట నున్నది. ఆ పేరుగల యూళ్లును పల్లెలును ఫ్రాన్సున లెక్కకు మిక్కిలిగా నున్నవి. పదునొకండవ లూయీరాజు 1483లో మరణించినది తూరు పట్టణసమీపమందలి ప్లెసీ కోటలోనే. పదమూడవ లూయీకి మంత్రియై, 1635లో ఫ్రెంచి అకాడమీని స్థాపించిన కార్డినల్ రిషల్యూ అసలు పేరు ఆర్మాన్ జాన్ డ్యుప్లెసీ. ఆయనయు మన గవర్నరును పేరునుబట్టి యొక కంచెలోనివారే.

ఈ ప్లెసీ సముద్రములు దాటెను. 1685లో పదునాలుగవ లూయీ, ప్రొటెస్టంటులకు తన తాత యిచ్చిన రక్షణశాసనమును రద్దుచేయగా, వేలకొలది కుటుంబములు దేశము విడిచి పాఱిపోయెను. వారిలో కొందఱిని డచ్చి కంపెనీవారు 1688లో నోడలమీద దక్షిణాఫ్రికా కేపునకు చేర్చిరి. ఆ వలసలో వెళ్లిన డ్యుప్లెసీ పేరు అచట వేరూని, నేడు ఆఫ్రికానరులలో మిక్కిలి పరిచితమైన యింటిపేర్లలో నొకటియైనది. క్రికెట్టు చూచు మన బాలురకు చెప్పనక్కఱలేదు. దక్షిణాఫ్రికా జట్టునకు నాయకత్వము వహించి, చెన్నై జట్టులోను ఆడిన ఫాఫ్ డుప్లెసిస్ ఆ పేరువాడే. ఫాఫ్ అనునది ముద్దుపేరు. పూర్తిపేరు ఫ్రాన్స్వా డుప్లెసిస్. గవర్నరుగారి పూర్తిపేరు జోసెఫ్ ఫ్రాన్స్వా డూప్లెక్సు. పేరును ఇంటిపేరును రెండును కలిసినవి! ఈ సంగతి చెప్పినప్పుడు తరగతిలో లేచిన సంతోషధ్వని పానిపట్టు యుద్ధములు మూడును చెప్పినప్పుడును మేము వినలేదు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమును 1936 మొదలు 1939 వఱకును, మరల 1944 మొదలు 1959 వఱకును పాలించిన ప్రధాని ఇంటిపేరును డ్యుప్లెసీయే.

డూప్లెక్సను రూపమునకు మాత్ర మిట్టి భాగ్యము కలుగలేదు. ఈ రూపముగల పల్లెలు ముఖ్యముగా ఫ్రాన్సు నడిమి భాగమున, లిమూజేను మొదలగు కొండసీమలలో నున్నవి. పల్లెలు తక్కువ, కనుక వానినిబట్టి పేరుపొందిన కుటుంబములును తక్కువ. గవర్నరునకు పూర్వము ఈ పేరు గలవారిలో ప్రసిద్ధుడు సిపియో డూప్లెక్సు అను రాజాస్థాన చరిత్రకారుడు; 1569లో గాస్కనీలో పుట్టి 1661లో మరణించెను. పండితులందఱు లాటినున వ్రాయుచున్న కాలమున తర్కశాస్త్రమును ప్రజలకు తెలియు ఫ్రెంచిభాషలో వ్రాసినవాడు. గవర్నరు 1697లో ఉత్తరమున లాండ్రెసీ పట్టణమున జన్మించెను. ఇరువురికిని బంధుత్వ ముండవలసిన పనిలేదు. ఎచ్చట కంచె యుండునో అచ్చట నీ పేరు వేఱువేఱుగా పుట్టవచ్చును.

కొలదిమంది కున్న పేరు తరతరమునకు మఱింత యరుదగుట యేలయను ప్రశ్న పందొమ్మిదవ శతాబ్దమున గణితశాస్త్రజ్ఞులను సయితము పట్టుకొనెను. 1845లో ఫ్రాన్సున బియెనేమే యను పండితుడును, ఆయన పని నెఱుగకయే 1873, 1874 సంవత్సరములలో ఇంగ్లండున ఫ్రాన్సిస్ గాల్టనును, హెన్రీ విలియం వాట్సనను నొక పాదిరిగారును దీనిని లెక్కగట్టిరి. మన యెనిమిదవ తరగతివారును చేయగల యుదాహరణ మొకటి చెప్పెదము. ఒక్కొక్క పురుషునితో మొదలైన అఱువదినాలుగు వేఱ్వేఱు ఇంటిపేర్లు గలవనుకొనుడు. ప్రతి నలుగురిలో నొకనికి కుమారులు లేరు, ఇద్దఱి కొక్కొక్కడు, ఒకని కిద్దఱు. మొత్తము జనసంఖ్య పెరుగదు, తఱుగదు. అయినను మొదటి తరమునకే పదునాఱు పేర్లు పోవును. రెండవ తరమునకు పోయినవి ఇరువదియైదు, మూడవదానికి ముప్పదియొకటి, నాలుగవదానికి ముప్పదియైదు. జనమంతయు నున్నారు, పేర్లలో సగమునకు పైగా లేవు! మిగిలిన పేర్లు పోయినవాని చోటును నింపుకొని లావెక్కును. పాదిరిగారు లెక్కలో నొక చిన్న పొరపాటుచేసి, పేర్లన్నియు నెప్పటికైన నశించితీరునని తేల్చిరి. అది నిజము కాదు. సగటున నొక్కనికంటె నెక్కువ కుమారులు కలుగుచుండినచో కొన్ని పేర్లు నిలిచిపోవుట కవకాశము గలదు.

ఈ లెక్క గవర్నరుగారి యింటనే కనబడును. పుదుచ్చేరిలో పుట్టి పెరిగిన జాన్ అను వితంతువును ఆయన 1741లో వివాహమాడెను. వారికి కలిగిన కుమారుడు పుట్టినవెంటనే మరణించెను. 1754లో కంపెనీవా రాయనను వెనుకకు పిలిపించిరి. యుద్ధములకై తాను స్వంతముగా పెట్టిన ధనమును తిరిగి యిప్పింపుడని కంపెనీతో వ్యాజ్యమాడుచునే, 1756లో భార్యను పోగొట్టుకొని, మరల వివాహమాడి, 1763లో పారిసున నప్పులలో మరణించెను. రెండవ భార్యవలన మిగిలినది కుమార్తె. ఆనాటి యాచారమున కుమార్తె తండ్రిపేరును తన సంతతి కీయజాలదు. 2005వ సంవత్సరము మొదలు ఫ్రాన్సున బిడ్డకు తల్లి యింటిపేరుగాని, ఇద్దఱి పేర్లును గాని పెట్టుటకు చట్టము వీలు కల్పించెను. 2022లో వచ్చిన మఱియొక చట్టము, పెద్దవారు తమంతట తాము తల్లిపేరును గైకొనుటను సులభము చేసెను. అరుదైన పేర్ల కిది కొంత ప్రాణము పోసినది గాని, గవర్నరు కుమార్తెకు రెండువందల యేండ్లకు పైగా నాలస్యమైనది.

ఆయన కడ ద్విభాషిగా నుండిన ఆనందరంగపిళ్ల పేర మన తెలుగున ఛందోగ్రంథమే గలదు. కస్తూరి రంగకవి రచించిన "ఆనందరంగరాట్ఛందము". దుబాసీగారి పేరు తెలుగు లక్షణగ్రంథములలో నిలిచెను. దొరగారి పేరు మాత్రము మనుష్యులను విడిచి రాళ్లను రేవులను పట్టుకొనెను. ఫ్రెంచి నౌకాదళమున పలు యోడలకు డూప్లెక్సని పేరుపెట్టిరి. వానిలో నొక పెద్ద యుద్ధనౌకను, శత్రువుల చేతికి చిక్కకుండ 1942లో తూలోన్ రేవున వారి నావికులే ముంచివేసిరి. పుదుచ్చేరిలో 1870లో నిలిపిన విగ్రహము సముద్రతీరమున నున్నది. పారిసున నొక వీథియు, ఆ ప్రాంతమున 1906లో తెఱచిన రైలుస్టేషనును గలవు. యానాము బాలుని పెదనాన్నగారు ప్రతిదినము వినునది ఆ స్టేషను పేరే.

బాలుడు మొన్న మరల వచ్చి, పెదనాన్నగారికి మా ప్రశ్నను తెలిపితినని చెప్పెను. ఆ బండిలో నిత్యము ప్రయాణించు ఫ్రెంచివారిలో నొకరిద్దఱిని ఆయన, "డూప్లెక్సనగా నెవరు?" అని యడిగిరట. వారు "స్టేషను" అనిరట.